విమానంలో వీణకు ఫైబర్‌గ్లాస్ పెట్టె ఎంతవరకు రక్షణ?

సరస్వతీ వీణతో విదేశాలకు వెళ్లేవారికి ఇప్పుడు ప్రధానంగా మూడు దారులున్నాయి: మెత్తని సంచిలో పెట్టి వీణకు కూడా ఒక సీటు కొనడం, దండి (మెట్లు ఉండే పొడవాటి భాగం) విడదీయగలిగే ప్రయాణ వీణను సమకూర్చుకోవడం, లేదా గట్టి ఫైబర్‌గ్లాస్ పెట్టెలో పెట్టి లగేజీగా అప్పగించడం. ఈ సమీక్ష మూడవ దారి గురించి. హైదరాబాదులోని ఒక వాద్యాల దుకాణంలో నా వీణ కొలతలిచ్చి చేయించుకున్న పెట్టెను కొన్నేళ్లుగా అమెరికా ప్రయాణాల్లో వాడుతున్నాను. నా వీణ బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస దుంగ నుంచి తొలిచిన ఏకాండి వీణ కాబట్టి, దాన్ని విడదీసే ప్రశ్నే లేదు. ఈ పెట్టె దెబ్బల నుంచి వీణను చాలా బాగా కాపాడుతుంది, వేడి నుంచి మాత్రం కాపాడదు.

కొనేవారు సాధారణంగా పెట్టె పైభాగాన్ని తట్టి చూసి, మందంగా ఉందని తృప్తి పడతారు. నిజానికి వీణ బతికేది లోపలి అమరిక వల్లనే. వీణలో బరువంతా కుండ, అంటే నాదం పలికే గుండ్రని బోలు భాగం, వైపు ఉంటుంది, దండి పొడవుగా ముందుకు సాగుతుంది, దాని చివర యాళి (సింహం వంటి కాల్పనిక జంతువు) ముఖం వంగి ఉంటుంది. పెట్టె పైనుంచి కింద పడినప్పుడు కుండ ఒక్కసారిగా ఆగిపోతే, ఆ కుదుపు మొత్తం దండి మెడ మీదకు, యాళి అతుకు మీదకు వెళ్తుంది. నా పెట్టెలో కుండ కోసం గట్టి ఫోమ్‌తో లోతైన గూడు తొలిచారు, దండికి రెండు చోట్ల వెడల్పాటి ఆధారాలు ఇచ్చారు, యాళి ముఖానికీ, తీగలను బిగించే బిరడాలకూ చుట్టూ ఖాళీ వదిలి వాటి మీద ఏ బరువూ పడకుండా చూశారు. తీగలు ఆనే గుర్రం మీద కూడా మూత ఒత్తిడి పడదు. ఈ ఒక్క పనితనానికే ఈ పెట్టెను మెచ్చుకోవాలి. మూత వేశాక పెట్టెను నిలువుగా ఎత్తి నెమ్మదిగా కదిలించినప్పుడు లోపల ఏమాత్రం చప్పుడు కాకూడదు. దుకాణంలోనే, మీ సొంత వీణతోనే ఈ పరీక్ష చేసి చూడాలి. ఇంకొకరి వీణ కొలతకు చేసిన పెట్టె అగ్గువకు దొరికినా తీసుకోవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ప్రతి వీణ కుండ లోతూ దండి వాలూ వేరుగా ఉంటాయి. దండికి బిగించే సొరబుర్రను విప్పి పెట్టుకోవడానికి వేరే అర ఉంది, అది సరిపోయింది.

లోపాలు బయటి సామానులో ఉన్నాయి. చక్రాలు చిన్నవి, విమానాశ్రయపు నున్నని నేల మీద తప్ప ఎక్కడా సరిగా దొర్లవు. ఒక తిరుగు ప్రయాణంలో పక్క పిడి ఊడిపోయి వచ్చింది. దుకాణం వారు రుసుము తీసుకోకుండా దాన్ని మార్చి ఇచ్చారు గాని, రివెట్ల బదులు వెనుక ఇనుప పట్టీ వేసి బోల్టులతో బిగించి ఉంటే ఆ అవసరమే రాకపోయేది. గొళ్లేలు పైకి పొడుచుకుని ఉండటం వల్ల కన్వేయర్ బెల్టు అంచులకు తగులుకునే ప్రమాదం ఉంది, అందుకే చుట్టూ రెండు వెడల్పాటి పట్టీలు బిగించి పంపుతున్నాను.

వేడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. విమానం కింది సామాను గదిలో గాలి పీడనం ఉండదని చాలామంది భయపడతారు. ప్రయాణికుల విమానాల్లో ఆ భాగంలోనూ పైన ఉన్నంత పీడనమే ఉంటుంది. అసలు గండం విమానం ఎగరకముందు, దిగిన తరువాత ఉంటుంది. వీణకున్న 24 మెట్లూ మైనం మీద కూర్చుని ఉంటాయి. తేనె మైనం 62 డిగ్రీల దాకా కరగకపోయినా, అంతకు చాలా ముందే మెత్తబడి పట్టు సడలుతుంది. ఎండలో సామాను బండి మీద ఆగిపోయిన ముదురు రంగు పెట్టె లోపల మైనం మెత్తబడేంత వేడి పుట్టడానికి ఎక్కువసేపు పట్టదు. జూన్ నెలలో గల్ఫ్ మీదుగా వెళ్లినప్పుడు పై స్థాయి మెట్లు కొన్ని పక్కకు ఒరిగి, అక్కడికి చేరగానే మేళం, అంటే మైనం మీద మెట్ల అమరిక, సరిచేయించుకోవలసి వచ్చింది. ఆ తరువాత పెట్టెకు తెల్ల రంగు వేయించాను, వేసవిలో రాత్రి బయలుదేరే విమానాలనే ఎంచుకుంటున్నాను, ఇబ్బంది చాలావరకు తగ్గింది. తయారీదారులు మొదటి నుంచే తెల్ల పెట్టెలు ఎందుకు ఇవ్వరో నాకు అర్థం కాదు. తీగలను పూర్తిగా వదులు చేయకుండా, సారణిని, అంటే మొదటి తీగను, కింది పంచమం దాకా దించి, మిగిలినవాటినీ అదే పాళ్లలో దించితే, గుర్రం కదలకుండా ఉంటుంది, దండి మీద లాగుడూ తగ్గుతుంది. తీగలకూ మెట్లకూ మధ్య పలుచని నూలు గుడ్డ పరచడం కూడా మంచిది.

కొలతల విషయంలో కొనేముందే స్పష్టత ఉండాలి. మామూలు లగేజీకి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్ల పరిమితి ఉంటుంది. ఏ వీణ పెట్టె అయినా దాన్ని దాటిపోతుంది. బరువు మాత్రం వీణతో కలిపి 23 కిలోల లోపే ఉండేలా చేయించుకోవచ్చు, నాది అలాగే ఉంది. అమెరికాలో 2015 మార్చి నుంచి అమలులో ఉన్న రవాణా శాఖ నియమం ప్రకారం, అక్కడి విమాన సంస్థలు మూడు కొలతలు కలిపి 150 అంగుళాల లోపు, 165 పౌండ్ల లోపు ఉన్న వాద్యాన్ని లగేజీగా స్వీకరించాలి. అయితే పెద్ద సామానుకు వేసే రుసుము ఉండవచ్చు, అమెరికాది కాని సంస్థ నడిపే విమానానికి ఈ నియమం వర్తించదు. అందువల్ల హైదరాబాదు నుంచి వెళ్లేవారు టికెట్టు కొనేటప్పుడే ప్రతి మజిలీలో విమానం నడిపే సంస్థకు పెట్టె కొలతలు తెలిపి, రాతపూర్వకమైన అంగీకారం తీసుకుని, దాని ప్రతిని కౌంటరు దగ్గర చూపాలి.

అమెరికాలో భద్రతా సిబ్బంది పెట్టెను మీరు లేనప్పుడు తెరవవచ్చు. వారు తెరవగలిగే టీఎస్ఏ (అక్కడి రవాణా భద్రతా సంస్థ) ఆమోదించిన తాళమే వేయాలి. వీణను ఎలా ఎత్తాలో, తిరిగి ఎలా పెట్టాలో ఫొటోతో సహా మూత లోపల అతికిస్తే మేలు. ఈ పెట్టె మూత లోపల దానికి తగిన నున్నని చోటు ఉంది. శ్రుతిపెట్టెకు విడిగా వాడే లిథియం బ్యాటరీలను ఇందులో పెట్టకూడదు, వాటిని చేతి సంచిలోనే తీసుకువెళ్లాలి.

తాతల నాటి వీణలకు మాత్రం ఎంత మంచి పెట్టె చేయించినా చాలదు. దంతపు చెక్కడాలున్న వీణ వన్యప్రాణి చట్టాల కింద చిక్కుకుంటుంది. నూరేళ్లు దాటిన వీణకు 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డు వస్తుంది. అటువంటివాటిని ఇంట్లోనే ఉంచి, ప్రయాణానికి వేరే వీణ వాడాలి.

నష్టం జరిగితే విమాన సంస్థ బాధ్యత మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లకు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్కల ప్రమాణం), అంటే రెండు వేల డాలర్లకు కాస్త అటూఇటూగా పరిమితం. ఫిర్యాదును సామాను అందిన 7 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. మంచి కచేరీ వీణకు విడిగా బీమా చేయించడం ఈ పెట్టె కొనడమంత అవసరం. ఏడాదికోసారైనా విమానమెక్కే కళాకారులకు, పిల్లలను క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఉత్సవాల వంటి వేదికలకు తీసుకువెళ్లే తల్లిదండ్రులకు ఈ పెట్టెను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పిడులకు బోల్టులు, బయటికి తెల్ల రంగు అడిగి మరీ చేయించుకోండి. ఒక్కసారి మాత్రమే వెళ్లి రావలసినవారు ఇంత ఖర్చు పెట్టకుండా, అక్కడే ఒక వీణను అద్దెకో అరువుకో చూసుకోవడం మేలు.