పాత ఇటుక గోడకు సిలేన్-సిలాక్సేన్ పూత: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ దండగ

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరుపతిలో ఇటుక గోడను కొట్టే జల్లుకు నీటిని ఇటుకలోకి ఇంకనివ్వని ఈ రంగులేని పూత బాగా పనిచేస్తుంది. లోపలి ఆవిరిని బయటికి వదులుతుంది కాబట్టి ఆయిల్ పెయింటులా పొక్కులెత్తదు. పునాది నుంచి పైకెక్కే చెమ్మను మాత్రం ఆపలేదు. తెల్లగా ఉప్పు పూసిన గోడ మీద కొట్టారా, ఆ ఉప్పు ఈ పూత వెనకే గడ్డకట్టి ఇటుకను పెచ్చులుగా ఊడగొడుతుంది.

అసలు పని ఇటుకల మధ్య సందుల్లో ఉంది. సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పాయింటింగు (సందుల్ని సిమెంటుతో పూడ్చడం) దయచేసి చేయించకండి. గోడలోని తడి, సిమెంటును దాటలేక మెత్తని ఇటుకలోంచే బయటపడుతుంది. సిమెంటు గీత అలాగే నిలిచి, చుట్టూ ఇటుక గుంటపడితే కారణం ఇదే. సందును 20-25 మిల్లీమీటర్ల లోతున ఉలితో చేత్తోనే గీకించాలి. గ్రైండరు ఇటుక అంచుల్ని తినేస్తుంది. దుమ్ము దులిపి, తడిపి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు జల్లించిన ఇసుక కలిపి దట్టంగా కూరాలి. వారం పాటు తడి గోనెపట్టా కప్పాలి.

గోడ పూర్తిగా ఎండాకే పూత. మొదటి కోటు ఆరకముందే రెండోది. కొనేముందు గోడ మీద చెంబెడు నీళ్లు చల్లండి. వెంటనే పీల్చుకుంటేనే డబ్బా తెచ్చుకోండి.