రూగర్ నంబర్ 1 సింగిల్ షాట్ రైఫిల్: కొనేముందు ఫోరెండ్ విప్పి చూడండి

రూగర్ నంబర్ 1కి మ్యాగజైన్ ఉండదు, బోల్టు ఉండదు. లీవర్ దించి, తూటాను చేత్తో ఛాంబర్‌లోకి (బారెల్ వెనక తూటా కూర్చునే గదిలోకి) నెట్టి, లీవర్ పైకి మూస్తే రైఫిల్ సిద్ధం. పేలిన తర్వాత మళ్ళీ మొదటి నుంచీ అంతే. 1960ల చివర్లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన ఈ తుపాకీ ఇప్పుడు లిప్సీస్ అనే డిస్ట్రిబ్యూటర్ కోసం కొద్దికొద్దిగా మాత్రమే తయారవుతోంది. కొత్తది రెండు వేల డాలర్ల చుట్టుపక్కల పలుకుతుంది. అదే డబ్బుకు చక్కటి బోల్ట్ రైఫిల్, స్కోప్ రెండూ వస్తాయి. అయినా ఇది కొనదగ్గ తుపాకీయే. కాకపోతే దీని లోపం ఎక్కడుందో తెలుసుకుని కొనాలి. ఆ లోపం బారెల్‌లో లేదు, తూటాను మూసి పేల్చే యంత్రాంగంలో, అంటే యాక్షన్‌లో లేదు. బారెల్ కింద పట్టుకునే చెక్క, అంటే ఫోరెండ్‌లో ఉంది.

ముందు చట్టం సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. కాబట్టి ఈ రివ్యూ అమెరికాలో చట్టప్రకారం వేటకు వెళ్ళే తెలుగువాళ్ళకు. అక్కడ కూడా హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్‌ఇమిగ్రంట్ వీసాలో ఉన్నవాళ్ళు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో జారీ అయిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్స్ గడువు తీరిన రోజే మినహాయింపూ పోతుంది, తుపాకీ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. వీసా మీద ఉన్నవాళ్ళు కొనేముందు లాయర్‌తో ఒకసారి మాట్లాడటం తప్పనిసరి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకు ఈ చిక్కు లేదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ పూర్తిచేయాలి.

యాక్షన్ పాత బ్రిటిష్ వంశానిది. స్కాట్లండ్‌కు చెందిన జాన్ ఫార్కర్సన్ 1872లో పేటెంట్ తీసుకున్న ఫాలింగ్ బ్లాక్ పద్ధతి దీనికి మూలం. లీవర్ లోపలివైపు చిన్న లాచ్ ఉంటుంది. దాన్ని నొక్కి లీవర్ దించితే ఛాంబర్ వెనక గోడలా నిలబడ్డ ఉక్కు దిమ్మ నిట్టనిలువుగా కిందికి జారుతుంది. ఖాళీ ఖోఖా (తూటా గుల్ల) బయటికి వస్తుంది. తూటాను పేల్చే హ్యామర్ లోపలే ఉంటుంది, లీవర్ కదలికతోనే వెనక్కి వెళ్ళి సిద్ధమవుతుంది. తూటా పేలినప్పుడు ఆ ఒత్తిడంతా నాలుగు వైపులా ఉక్కు మధ్య ఇరుక్కున్న దిమ్మ మీద పడుతుంది. అందుకే ఈ యాక్షన్ బలానికి పెట్టింది పేరు. .458 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్, .416 రిగ్బీ లాంటి ఏనుగు తూటాలకు కూడా ఇదే యాక్షన్‌ను వాడారు.

మ్యాగజైన్, బోల్టు లేకపోవడంతో కలిసొచ్చేది పొడవు. 26 అంగుళాల బారెల్ ఉన్న 1-బి మోడల్ మొత్తం పొడవు, అంతే బారెల్ ఉన్న బోల్ట్ రైఫిల్ కంటే సుమారు నాలుగు అంగుళాలు తక్కువ. 22 అంగుళాల 1-ఎ అయితే ఇరుకైన బ్లైండ్‌లో (వేటగాడు దాక్కునే చోటులో), పొదల మధ్య ఎక్కడా తగలదు. బరువు రెండు చేతుల మధ్యకు వస్తుంది, భుజానికి ఎత్తగానే గురి నిలబడుతుంది. 1-ఎ, 1-ఎస్ మోడళ్ళకు స్లింగ్ (భుజానికి తగిలించే పట్టీ) ముందు కొక్కెం ఫోరెండ్‌కు కాకుండా బారెల్‌కే ఉంటుంది. స్లింగ్‌ను చేతికి బిగించి కాల్చే అలవాటు ఉంటే ఆ లాగుడు బారెల్ మీదే పడి గుండు పక్కకు పోతుంది. స్లింగ్‌ను మోయడానికే వాడండి.

ఇక ఫోరెండ్. యాక్షన్‌ను పట్టి ఉంచే ఉక్కు భాగాన్ని రిసీవర్ అంటారు. దాని ముందు నుంచి బారెల్ కింద ఒక ఉక్కు కడ్డీ ముందుకు సాగి ఉంటుంది. ఆ కడ్డీని హ్యాంగర్ అంటారు. హ్యామర్‌ను తోసే మెయిన్‌స్ప్రింగ్, ఎజెక్టర్ స్ప్రింగ్ దాని దగ్గరే ఉంటాయి. ఫోరెండ్ చెక్క ఈ హ్యాంగర్‌కే ఏటవాలు స్క్రూతో బిగుస్తుంది. స్క్రూ బిగిస్తే చెక్క వెనక్కి రిసీవర్ మీదికి, పైకి బారెల్ మీదికి ఒకేసారి ఒత్తుకుంటుంది. చెక్క బారెల్‌ను ఎక్కడ, ఎంత బలంగా తాకుతోందన్నది ఒక్కో రైఫిల్‌లో ఒక్కోలా ఉంటుంది. అదే రైఫిల్‌లో కూడా వానాకాలానికీ ఎండాకాలానికీ తేడా వస్తుంది. ఈ మోడల్ మీద ఉన్న 'ఒకటి బాగుంటుంది, ఇంకొకటి బాగోదు' అన్న మాటకు ప్రధాన కారణం ఇదే.

జబ్బు లక్షణాలు టార్గెట్ కాగితం మీద తెలుస్తాయి. గుళ్ళు ఒకదాని మీద ఒకటి నిలువుగా పైకి పాకుతుంటే, బారెల్ వేడెక్కేకొద్దీ ఫోరెండ్ కొస దాన్ని నెడుతోందని అర్థం. ఇసుక సంచి మీద ఫోరెండ్ కొస ఆనించి కాల్చినప్పుడు ఒకచోట, రిసీవర్ దగ్గర ఆనించి కాల్చినప్పుడు మరోచోట పడుతుంటే హ్యాంగర్ వంగుతోందని అర్థం. గుళ్ళు దగ్గరగా గుంపుగానే పడుతున్నా పోయిన ఏడాది చోట పడకపోతే చెక్క తేమ పీల్చిందేమో చూడాలి.

ఖర్చు లేనివి ముందు చేయాలి. రైఫిల్ ఖాళీగా ఉందని లీవర్ దించి, ఛాంబర్‌లో వేలు పెట్టి రూఢి చేసుకోండి. స్క్రూ విప్పి ఫోరెండ్ ముందుకు, కిందికి తీయండి. బారెల్ కూర్చునే గాడిలో మెరిసిన మచ్చలు తాకుడు చోట్లు. తర్వాత ఫోరెండ్ వెనక కొస చూడండి. అది రిసీవర్‌కు రెండు వైపులా సమానంగా ఆనాలి. ఒకవైపే ఆనితే స్క్రూ బిగించినప్పుడల్లా చెక్క మెలితిరుగుతుంది. ఎత్తుగా ఉన్నచోట సన్న గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్ది, ప్రతిసారీ బిగించి సరిచూడండి. ఒక్కసారే ఎక్కువ తీసేస్తే వెనక్కి తేవడం కష్టం. పని పూర్తయ్యాక బయటపడ్డ పచ్చి చెక్కకు ఫినిష్ పూయాలి. ఇది మరిచిపోతే అక్కడి నుంచే తేమ ఎక్కి నెలల్లో పాత జబ్బు తిరగబెడుతుంది. స్క్రూకు ప్రతిసారీ ఒకే బిగువు ఉండాలి. చిన్న టార్క్ డ్రైవర్ ఉంటే మంచిది, లేకపోతే స్క్రూ గాటు ఏ దిక్కున ఆగిందో గుర్తు పెట్టుకోండి.

దీంతో కుదరకపోతే గన్‌స్మిత్ పని. హ్యాంగర్ ముందు కొసకు రంధ్రం చేసి, మర చెక్కి, చిన్న సెట్ స్క్రూ పెడతారు. అది పైకి తిరిగి బారెల్‌ను ఒకే చోట, ఒకే బలంతో ఆనుకుంటుంది. చెక్క బారెల్‌ను తాకకుండా గాడిని వెడల్పు చేస్తారు. ఆ తర్వాత రేంజ్‌లో స్క్రూను పావు చుట్టు చొప్పున బిగిస్తూ మూడేసి గుళ్ళు కాల్చి చూడాలి. గుంపు నిలువుగా సాగడం మాని గుండ్రంగా వచ్చిన చోట ఆపి, స్క్రూ కదలకుండా లాక్‌టైట్ జిగురు చుక్క వేయాలి. ఇంత ఖరీదైన రైఫిల్‌కు ఈ పని కొన్నవాడు చేయించుకోవాల్సి రావడం కంపెనీకి శోభ కాదు. చేయించుకున్నాక మాత్రం వంద గజాల్లో అంగుళం, అంగుళంన్నర గుంపులు మామూలుగా వచ్చేస్తాయి.

స్కోప్ దగ్గర ఇంకో చిన్న ఇబ్బంది. బారెల్ మీద క్వార్టర్ రిబ్ అనే పట్టీ, దాని మీదే రింగులకు గాట్లు ఉంటాయి. విడిగా బేస్ కొనక్కర్లేదు. కానీ ఆ గాట్లు ముందుకు ఉండటంతో స్కోప్ కంటికి దూరమవుతుంది. ఐ రిలీఫ్ (కంటికీ స్కోప్‌కూ మధ్య ఉండాల్సిన దూరం) తక్కువున్న వేరియబుల్ స్కోప్ పెడితే మెడ సాచాల్సి వస్తుంది. ఐ రిలీఫ్ నాలుగు అంగుళాలకు దగ్గరగా ఉన్న స్కోప్ ఎంచుకోండి, లేదా స్కోప్‌ను వెనక్కి జరిపే ఆఫ్‌సెట్ రింగులు తీసుకోండి. వేటలో తొడిగే మందపాటి జాకెట్‌తోనే భుజానికి ఎత్తి చూసి బిగించాలి.

ట్రిగ్గర్ పాత రైఫిళ్ళలో సర్దుబాటుకు వీలుండేది, తర్వాతి వాటిలో లేదు. వేటకు మూడున్నర, నాలుగు పౌండ్ల లాగుడు చాలు. సేఫ్టీ బొటనవేలి కింద, షాట్‌గన్‌లకు ఉన్నచోటే ఉంటుంది. ఖోఖా దూరంగా ఎగిరిపడటం ఇష్టం లేనివాళ్ళు, ముఖ్యంగా తూటాలు సొంతంగా నింపుకునేవాళ్ళు, మాన్యువల్‌లో చూపినట్టు ఎజెక్టర్ స్ప్రింగ్ సర్దితే అది వేలికి అందేంత వరకే వస్తుంది. బోల్టు తిప్పినప్పుడు ఖోఖాను మొదట వదులు చేసే బలం ఈ లీవర్‌కు అంతగా లేదు. మందు మోతాదు మించినా, ఛాంబర్‌లో మసి ఉన్నా ఖోఖా బిగుసుకుపోతుంది. అప్పుడు లీవర్‌ను బలవంతం చేయొద్దు. మూతి వైపు నుంచి క్లీనింగ్ రాడ్‌తో నెమ్మదిగా తట్టి తీయాలి. మామూలు శుభ్రానికి బారెల్‌లోంచి లాగే తాడు, అంటే బోర్‌స్నేక్ సులువు. వెనక స్టాక్ (భుజానికి ఆనించే చెక్క) అడ్డం కాబట్టి రాడ్ తిన్నగా దూర్చడం ఇబ్బంది.

ఏ క్యాలిబర్ అన్నది ఎక్కడ వేటాడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్‌లో వైట్‌టెయిల్ జింకకు, అడవి పందికి .308 విన్‌చెస్టర్ గానీ .30-06 గానీ తీసుకుంటే తూటా ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. 150 గ్రెయిన్ల బరువు గుండున్న .308ను వంద గజాల్లో రెండు అంగుళాలు పైన పడేలా స్కోప్ గురి సర్దితే (దీన్నే జీరో చేయడం అంటారు) రెండు వందల గజాల్లో దాదాపు గురి మీదే పడుతుంది. .45-70 లావు గుండు, దగ్గరి వేటకు బలమైనది. కానీ వంద గజాలకు జీరో చేస్తే రెండు వందల్లో అడుగుకు పైగా కిందికి దిగుతుంది. ఒహాయో లాంటి రాష్ట్రాల్లో జింకకు మెడ సన్నబడని నిటారు ఖోఖా తూటాలే అనుమతిస్తారు కాబట్టి అక్కడ .45-70 పనికొస్తుంది. నంబర్ 1 కోసమని అమ్మే, ఒత్తిడి ఎక్కువుండే .45-70 తూటాలను 1873 నాటి ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ లాంటి పాత తుపాకుల్లో ఎప్పుడూ వాడొద్దు, అవి పగిలిపోతాయి. లూసియానాలో ప్రిమిటివ్ సీజన్‌కు (పాత తరహా తుపాకులకు కేటాయించిన వేట కాలానికి) సింగిల్ షాట్ చాలు అనుకుని దీన్ని కొనొద్దు. అక్కడి నిబంధన బయటికి కనిపించే హ్యామర్ అడుగుతుంది, దీని హ్యామర్ లోపల ఉంది.

జీరో మొదట పాతిక గజాల్లో, తర్వాత వందలో. ఫోరెండ్‌ను రిసీవర్‌కు దగ్గరగా సంచి మీద ఆనించండి, లీవర్ దిగడానికి కింద చోటు వదలండి. మూడు గుళ్ళ తర్వాత బారెల్ చల్లారనివ్వండి. అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష వేరే ఉంది. చల్లటి బారెల్‌తో ఒక్క గుండు మాత్రమే కాల్చి, అదే కాగితం దాచి, వేరే రోజుల్లో మళ్ళీ ఒక్కొక్కటే కాల్చాలి. అడవిలో పడేది ఆ మొదటి గుండే. అవన్నీ అరచేయంత చోటులో పడితే రైఫిల్ సీజన్‌కు సిద్ధమైనట్టు.

రెండో తూటా సంగతి. స్టాక్‌కు తొడిగే తోలు పట్టీలో మూడు నాలుగు తూటాలు, గుళ్ళు కిందికి ఉండేలా పెట్టుకోండి. డమ్మీ తూటాలతో, కళ్ళు జంతువు వైపే ఉంచి, చూడకుండా లోడ్ చేయడం ఇంట్లోనే అలవాటు చేసుకోవాలి. తూటాను బొటనవేలితో చివరిదాకా నెట్టాలి. తూటా వెనక అంచు కొంచెం బయట ఉండిపోయినా దిమ్మ పైకి రాదు, కంగారులో లీవర్‌తో కుస్తీ పడతారు. గుండు తగిలిందనిపించినా వెంటనే మళ్ళీ లోడ్ చేసి, ఆ తర్వాతే కదలాలి. ట్రీ స్టాండ్ (చెట్టు మీది మంచె) ఎక్కేముందు, దిగేముందు లీవర్ దించి ఛాంబర్ ఖాళీ చేయడం ఇందులో ఒక్క క్షణం పని. తెరిచి ఉన్న యాక్షన్ పక్కవాళ్ళకూ కనిపిస్తుంది.

పందిని కొట్టేటప్పుడు జింక లెక్క పనికిరాదు. పంది గుండె ముందుకు, కిందికి, ముందుకాళ్ళ మధ్యకు ఉంటుంది. జింకను కొట్టినట్టు భుజం వెనక మధ్యలో కొడితే పొట్టకు తగిలి పరుగెత్తి పొదల్లో పడుతుంది, వెతకడం నరకం. ముందుకాలి గీత మీద, శరీరం ఎత్తులో కింది మూడో వంతులో గురి పెట్టండి. ముసలి మగపందికి భుజం మీద గట్టి పొర ఉంటుంది కాబట్టి త్వరగా చెదిరిపోయే పల్చటి గుండు వద్దు, బాండెడ్ గుండు (తొడుగుకు సీసం అతికించినది) గానీ పూర్తి రాగి గుండు గానీ వాడండి. కోసేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి, అడవి పందుల నుంచి బ్రుసెల్లోసిస్ మనుషులకు సోకుతుంది. కూర ఎంత మసాలాతో చేసినా ముక్క లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటేదాకా ఉడకాలి. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో పందిని వేటాడటానికి 2019 సెప్టెంబర్ నుంచి లైసెన్స్ అక్కర్లేదు. వీసా మీద ఉన్నవాళ్ళు దీన్ని చూసి లైసెన్స్ మానేస్తే, తుపాకీ పట్టుకునే హక్కే పోతుంది.

పాతది కొంటుంటే షాపులో ఇవి చూడండి. లీవర్ మూసినప్పుడు దిమ్మ తడబడకుండా పైదాకా రావాలి. ఫోరెండ్‌కు, రిసీవర్‌కు మధ్య రెండు వైపులా సందు సమానంగా ఉండాలి. స్టాక్ మెడ దగ్గర, టాంగ్ (రిసీవర్ వెనక తోకలా సాగే ఉక్కు) వెనక సన్నటి బీటలు ఉన్నాయేమో, ముఖ్యంగా పెద్ద క్యాలిబర్లలో, లైటు వేసి చూడాలి. హ్యాంగర్‌కు ఎవరైనా రంధ్రం చేశారేమో అడగండి. వేటకైతే అది లాభమే, పాత తుపాకులు సేకరించేవాళ్ళకు మాత్రం ధర తగ్గించే విషయం. స్టాక్ చివర ఎర్ర రబ్బరు ప్యాడ్ ఉన్న పాత రైఫిళ్ళకు సేకరించేవాళ్ళు ఎక్కువిస్తారు. వేటగాడికి ఆ అదనపు డబ్బు దండగ.

నాలుగైదు సీజన్లకో పంది, అదీ స్నేహితుడి పొలంలో, అనుకునేవాళ్ళకు ఇంత ఖర్చు అక్కర్లేదు. హెన్రీ సింగిల్ షాట్, సీవీఏ స్కౌట్ రెండూ మధ్యలో విరిచి తెరిచే రకం, ధర ఇందులో మూడో వంతు దరిదాపుల్లో. హ్యామర్ బయటే ఉంటుంది కాబట్టి, .35 గానీ అంతకు పెద్దది గానీ క్యాలిబర్ తీసుకుంటే లూసియానా ప్రిమిటివ్ సీజన్‌కూ పనికొస్తాయి. నంబర్ 1 చేతికిచ్చే ఆ కుదురు, ఆ కురచదనం వాటికి లేవు. చెక్కతో ఓపిగ్గా కూర్చునేవాళ్ళకు, ఒకే రైఫిల్‌ను ఏళ్ళ తరబడి ఉంచుకునేవాళ్ళకు నంబర్ 1, మిగతావాళ్ళకు హెన్రీ.