నాటు పిల్లి: కొన్నేళ్ళ వాడకం తర్వాత

పెర్షియన్ పిల్లిని కొనాలా, వీధిలో దొరికిన దాన్ని తెచ్చుకోవాలా అని ఎవరడిగినా నేను ముందు గోళ్ళ గురించే చెబుతాను. పెర్షియన్‌కీ అన్నే గోళ్ళుంటాయి, కాదనను. కానీ వీధిలో పుట్టి, కుక్కల మధ్య పెరిగిన పిల్లి వాటిని వాడే తీరు చూశాక నా కంటికి వేరే జాతి ఆనలేదు.

మాది భువనగిరి దగ్గర పాత పెంకుటిల్లు. మిక్చర్ మా మునగచెట్టు కింద దొరికింది. నలుపు, తెలుపు, నారింజ కలిసి ఉన్నాయని అత్తమ్మ ఆ పేరు పెట్టింది. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి ఈ మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే అవుతుంది. తిండి, నిద్ర సంగతి పిల్లిని పెంచిన ప్రతివాళ్ళకీ తెలిసిందే, వదిలేస్తున్నా.

ముందు కాలికి 5, వెనక కాలికి 4, మొత్తం 18 గోళ్ళు. నడిచేటప్పుడు లోపలికి ముడుచుకుని ఉంటాయి కాబట్టి నేలకి రాసుకుని అరగవు. పైపొర పాతబడితే గోనెసంచికో గుమ్మానికో గీరి ఊడగొట్టుకుంటుంది, కింద కొత్త మొన సిద్ధంగా ఉంటుంది. బియ్యం బస్తా మీంచి ఒక్క గెంతులో గోడ అందుకుని అటకెక్కేస్తుంది. మేం నిచ్చెన వేసుకుని కూడా చేరలేని మూలల్లో కాపురం పెట్టిన ఎలుకలు, ఇది వచ్చిన మొదటి చలికాలానికే ఖాళీ చేశాయి. పైసా ఖర్చు లేని జాతి, ఇంత పనిమంతురాలు!

ఇక తాటిచెట్టు సంగతి. మాఘమాసంలో ఒక సాయంత్రం రెండు కుక్కలు తరిమితే మిక్చర్ వెనక చేనులోని తాటిచెట్టు ఎక్కింది. ఆ ఎక్కడం చూసి తీరాలి. ఎక్కడా ఆగలేదు, నేరుగా మట్టల్లోకి వెళ్ళి కూర్చుంది. కుక్కలు పోయాయి, చీకటి పడింది, అది దిగలేదు. పిల్లి గోళ్ళ వంపు వెనక్కి ఉంటుంది, పైకి పోతుంటే బెరడుని పట్టేస్తాయి, తలకిందులుగా దిగబోతే పట్టు దొరకదు. ఉడుత వెనక పాదాన్ని మడమ దగ్గర వెనక్కి తిప్పి, తలకిందులుగా కూడా పట్టు నిలుపుకోగలదు. పిల్లికి ఆ తిప్పడం లేదు. వెనక్కి వెనక్కి దిగాలి, అదైనా కాలు ఆనించుకోవడానికి కొమ్మలుంటే తేలిక. తాటిచెట్టుకి కొమ్మలేవి? పైగా మట్టల అంచులకి రంపం పళ్ళు.

వేయించిన చేప ముక్కలు చెట్టు మొదట్లో పెట్టాం. మా నిచ్చెన సగానికి కూడా అందలేదు. అత్తమ్మ కింద నిలబడి "రావే తల్లీ, మెల్లగ రావే" అని పిలుస్తూనే ఉంది, పైనుంచి అరుపు వస్తూనే ఉంది. ఆ చలిలో అది జారితే ఏమవుతుందోనని రాత్రంతా మా ఇంట్లో ఎవరికీ కన్ను మూతపడలేదు.

తెల్లారి కల్లు గీయడానికి వచ్చిన గౌడ మామకి చెప్పాం. కల్లు గీసేవాళ్ళు చెట్టు మీంచి పడకుండా 2024లో తెలంగాణ ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం ఆయన దగ్గరుంది, లేకుంటే పిల్లి కోసం ఒక మనిషిని అంత ఎత్తుకి పంపడానికి నాకు నోరు వచ్చేది కాదు. భుజాన గోనెసంచి వేసుకుని ఎక్కాడు. మిక్చర్ ఆయన చేతిని గీరింది, అయినా విడవకుండా సంచిలో వేసి మూతి కట్టి దించాడు. కిందికొచ్చాక చెయ్యి కడుక్కుంటూ అన్నాడు: "ఎక్కుడైతే మా లెక్కనే ఎక్కింది బిడ్డా. మోకే మరిచింది." మోకంటే కల్లు గీసేవాళ్ళు చెట్టెక్కడానికి వాడే తాడు. ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళి గాయం చూపించి సూది వేయించాం. మిక్చర్‌కి రేబిస్ టీకా అప్పటికే వేయించి ఉన్నా, ఆ ముందుజాగ్రత్త వదలకూడదు.

అందుకే ఖర్చు లేదన్న మాటకి కొంచెం చేర్చాలి. ఏటా టీకాలున్నాయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఉంది, వీధిలోంచి వచ్చింది కదా అని ఇవి మానడానికి లేదు. గోళ్ళ మీద నా ప్రేమ మాత్రం తగ్గలేదు. వాకిట్లో వేపచెట్టు మీంచి మిక్చర్ ఇప్పుడు వెనక్కి వెనక్కి చక్కగా దిగుతోంది, చివరి నాలుగడుగులు దూకేస్తుంది. తాటిచెట్టు వైపు వెళ్తే మాత్రం అత్తమ్మ కేకేస్తుంది.

మా ఇంటికి వాకిలి ఉంది, పగలంతా అత్తమ్మ ఇంట్లోనే ఉంటుంది, అటకా పెంకులూ దానికి చాలినంత పని ఇస్తాయి. ఇలాంటి ఇల్లైతే కళ్ళు మూసుకుని నాటు పిల్లినే తెచ్చుకోమంటాను. ఐదో అంతస్తు ఫ్లాటైతే తెచ్చుకోవద్దనను గానీ, ముందు బాల్కనీకీ కిటికీలకీ గట్టి వల కట్టించండి. మూలలో గోనెసంచి చుట్టిన ఒక కర్ర నిలబెట్టండి. పొద్దున్నించి రాత్రిదాకా తాళం వేసి ఉండే ఇంటికి సరిపోతుందో లేదో నా అనుభవంతో చెప్పలేను, మా మిక్చర్ ఎప్పుడూ ఒంటరిగా ఉన్నది కాదు.