ఐలాండా, పెనిన్సులానా, కదిలే బల్లా? మీ వంటగదికి ఏది మేలు?

కొత్త వంటగదికి ప్లాన్ గీయించుకునేవాళ్లలో చాలామంది ఐలాండ్‌ను, అంటే గది మధ్యలో విడిగా నిలబడే గట్టును, ముందే ఖాయం చేసేసుకుంటారు. స్టవ్, సింక్, ఫ్రిజ్ ఎక్కడ రావాలన్నది ఆ తర్వాత చూసుకుంటారు. నేనైతే ఆ వరస మార్చమంటాను. గది మధ్యలో ఐలాండ్ వచ్చాక దాని చుట్టూ మనిషి తిరగడానికి ఎంత దారి మిగులుతుందో ముందు లెక్క వేయండి. దారి చాలినంత ఉంటే ఐలాండ్‌తో వచ్చే సుఖం అంతా ఇంతా కాదు. చాలకపోతే మాత్రం ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ వెనక నిలబడ్డవాళ్లు పక్కకు జరగాలి, వేడి గిన్నె పట్టుకుని ఒరుసుకుంటూ వెళ్లాలి. పోనీ తర్వాత మార్చుకుందామంటే పైనున్న రాయి తీయాలి, నేల తవ్వాలి.

పోల్చి చూడాల్సినవి మూడున్నాయి. నాలుగు వైపులా ఖాళీ ఉండి గది మధ్యలో నిలబడేది ఐలాండ్. ఒక కొస గోడకో, ఉన్న గట్టుకో అతుక్కుని మూడు వైపులా ఖాళీగా ఉండేది పెనిన్సులా. మూడోది చక్రాలున్న బల్ల, అడ్డం అనిపిస్తే నెట్టేయొచ్చు. మూడూ ఇచ్చేది ఒకటే: తరగడానికి, కలపడానికి, గిన్నెలు దించుకోవడానికి అదనంగా ఒక గట్టు, దాని కింద సామాన్లకు చోటు. అవి ఎంత నేల తీసుకుంటాయి, నీళ్లు, కరెంటు వాటి దాకా ఎంత తేలిగ్గా వస్తాయి అన్న దగ్గరే తేడా వస్తుంది.

ముందు కొలతలు

అమెరికాలోని నేషనల్ కిచెన్ అండ్ బాత్ అసోసియేషన్ వంటగదుల ప్లాన్ కోసం కొన్ని కొలతలు సూచించింది. ఒక్కరే వంట చేసే ఇంట్లో గట్టుకూ ఐలాండ్‌కూ మధ్య కనీసం 42 అంగుళాల దారి ఉండాలి. ఇద్దరు ముగ్గురు కలిసి చేసే ఇంట్లో 48 అంగుళాలు కావాలి. పని జరగకుండా మనుషులు నడిచి వెళ్లే దారికైతే 36 చాలు. టేపు పెట్టేటప్పుడు అల్మరా తలుపు నుంచి కాకుండా, అన్నిటికన్నా ముందుకు పొడుచుకొచ్చినదాని నుంచి కొలవండి. అది గట్టు అంచు కావచ్చు, ఫ్రిజ్ హ్యాండిల్ కావచ్చు.

ఇప్పుడు కూడిక చేద్దాం. గోడ వెంట గట్టు 2 అడుగులు, పనిచేసే దారి మూడున్నర, ఐలాండ్ వెడల్పు 3, అవతల నడిచే దారి 3. మొత్తం పదకొండున్నర అడుగులు. ఇది ఒక్క గోడకే గట్టు ఉన్నప్పటి లెక్క. ఎదురు గోడకు కూడా గట్టు ఉంటే అవతలిది కూడా పనిచేసే దారే అవుతుంది కాబట్టి 14 అడుగులు కావాలి. పొడవు వైపు కూడా ఇలాగే కూడుకోవాలి: ఐలాండ్ పొడవు 4 అడుగులే అనుకున్నా, రెండు కొసల దగ్గర దారి వదిలేసరికి 10 అడుగులవుతుంది. హాలుకూ వంటగదికీ మధ్య గోడ లేని ఇళ్లలో అవతలి దారి హాలులో కలిసిపోతుంది, కొంత వెసులుబాటు ఉంటుంది.

42 అంగుళాలు ఎక్కువనిపిస్తే ఓవెన్ తలుపు తీసి చూడండి. కిందికి తెరుచుకునే తలుపు, అది ఓవెన్‌దైనా డిష్‌వాషర్‌దైనా, సుమారు రెండు అడుగులు ముందుకొస్తుంది. మిగిలిన అడుగున్నరలో మనిషి వంగాలి, ట్రే బయటికి లాగాలి. అలాగని దారి మరీ వెడల్పైనా బాగుండదు. 5 అడుగులు దాటితే వెనక్కి తిరగ్గానే చేతికందాల్సిన గట్టు కోసం అడుగు వేయాల్సి వస్తుంది, కడిగిన కూరగాయల నీళ్లన్నీ నేల మీద కారతాయి.

ఇంకో పాత లెక్క ఉంది. సింక్, స్టవ్, ఫ్రిజ్ మధ్య గీతలు గీస్తే వచ్చే త్రిభుజం గురించి 1940లలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఆ త్రిభుజంలో ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగులు ఉండాలి, మూడూ కలిపి 26 అడుగులు దాటకూడదు అన్నది ఇప్పటికీ వాడే సూత్రం. ఐలాండ్ విషయంలో దీనికి ఒక షరతు తోడైంది: ఐలాండ్ ఏ భుజానికీ 12 అంగుళాల కన్నా ఎక్కువ అడ్డం రాకూడదు. ప్లాన్లలో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఫ్రిజ్ ఒక గోడకు, స్టవ్ ఎదురు గోడకు పెట్టి మధ్యలో ఐలాండ్ నిలబెడతారు. కాగితం మీద చూడ్డానికి బాగానే ఉంటుంది. వంట చేసేవాళ్లు మాత్రం ప్రతిసారీ గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు దాని చుట్టూ తిరగాలి.

ఐలాండ్, పెనిన్సులా: దేనికి ఏ ఇల్లు?

ఒక కొస గోడకు ఆనడం వల్ల పెనిన్సులాకు ఆ వైపు దారి అక్కర్లేదు, అక్కడే 3 అడుగులు ఆదా అవుతాయి. నీళ్ల పైపు, కరెంటు వైరు గోడలోంచి అల్మరాల వెనక నుంచి వచ్చేస్తాయి, నేల తవ్వే పని ఉండదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకో లాభం కూడా ఉంది. వంట జరిగే చోటికి ఒకవైపు నుంచే దారి ఉంటుంది కాబట్టి వాళ్లు పరుగెత్తుతూ స్టవ్ ముందు నుంచి వెళ్లిపోరు.

ఆ ఒక్క దారే ఇబ్బంది కూడా. ఇద్దరు లోపల ఉంటే మూడోవాళ్లు మంచినీళ్ల కోసం వచ్చినా ఎవరో ఒకరు తప్పుకోవాలి. పెనిన్సులా గట్టుతో కలిసే మూలలో అల్మరా లోతుగా, చీకటిగా ఉంటుంది, అందులో పెట్టింది మళ్లీ చేతికి రావడం కష్టం. వంటగదికి రెండు తలుపులుండి, పెరట్లోకి వెళ్లే దారి అందులోంచే అయితే పెనిన్సులా ఆ దారికి అడ్డం పడుతుంది. అలాంటి గదికి ఐలాండే నయం.

కాబట్టి నేను ఇలా తేలుస్తాను. గదికి ఏ వైపైనా 12 అడుగులకన్నా తక్కువుంటే పెనిన్సులా కట్టించుకోండి, ఐలాండ్ లేదే అన్న బెంగ పెట్టుకోకండి. గది పెద్దదై, రోజూ ఇద్దరు ముగ్గురు కలిసి వంట చేసే ఇల్లైతే ఐలాండ్‌కు సాటి లేదు. ఇద్దరు చెరోవైపు నిలబడి, ఒకరికొకరు అడ్డం రాకుండా పని చేసుకోవచ్చు.

కదిలే బల్లను జనం తక్కువగా అంచనా వేస్తారని నాకనిపిస్తుంది. అద్దె ఇంటికి, చిన్న గదికి, ఐలాండ్ కావాలో వద్దో ఇంకా తేలనివాళ్లకు అదే సరైనది. చక్రాలకు గట్టి లాక్ ఉండాలి, తరిగేటప్పుడు ఊగకూడదు, ఎత్తు గట్టుతో సమానంగా ఉండాలి. 2 అడుగులకు 4 అడుగుల బల్ల చాలా పనులకు సరిపోతుంది. కొన్ని నెలలు వాడితే దాన్ని ఏ మూలకు లాక్కుంటున్నారో, ఎప్పుడు పక్కకు నెడుతున్నారో మీకే తెలుస్తుంది. రేపు ఐలాండ్ కట్టించాల్సి వస్తే ఎక్కడ కట్టాలో అప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు.

ఐలాండ్ మీద స్టవ్వా, సింకా, ఏమీ వద్దా?

అసలు కష్టమైన ప్రశ్న ఇది. స్టవ్ పెట్టాలన్న కోరిక అర్థం చేసుకోదగ్గదే. గోడ వైపు తిరిగి నిలబడే బదులు ఇంట్లోవాళ్లతో మాట్లాడుతూ వండుకోవచ్చు. అయినా నేను వద్దంటాను, ముఖ్యంగా పొగ, నూనె ఎక్కువగా ఉండే వంటకైతే. గోడ పక్కనున్న స్టవ్ మీది పొగకు వెనక గోడ అడ్డుంటుంది కాబట్టి అది నేరుగా చిమ్నీలోకి వెళ్తుంది. ఐలాండ్ మీద నాలుగు వైపులా గాలి తగులుతుంది. ఫ్యాన్ తిరిగినా, కిటికీ తెరిచినా పొగ పక్కకు పోతుంది. అందుకే ఐలాండ్ చిమ్నీ స్టవ్ కన్నా ప్రతి వైపు 3 అంగుళాలైనా పెద్దదిగా, గోడ చిమ్నీ కన్నా ఎక్కువ బలంగా లాగేదిగా ఉండాలి. పైకప్పు నుంచి వేలాడే అంత పెద్ద పెట్టె, మీరు ఎవరి ముఖాలు చూస్తూ వండాలనుకున్నారో వాళ్లకే అడ్డం వస్తుంది. గట్టులోంచి పైకి లేచి పొగను కిందికి లాగే రకం చిమ్నీలు ఉన్నాయి. వేడి పొగ సహజంగా పైకి వెళ్తుంది కాబట్టి ఎత్తు గిన్నెల దగ్గర అవి సరిగా పనిచేయవు.

చోటు లెక్క కూడా చూడండి. స్టవ్‌కు ఒక పక్క 12, ఇంకో పక్క 15 అంగుళాల ఖాళీ ఉండాలని పైన చెప్పిన సంస్థే సూచిస్తుంది. ఐలాండ్ మీదైతే స్టవ్ వెనక కూడా కనీసం 9 అంగుళాలు వదలమంటుంది. 6 అడుగుల ఐలాండ్ మధ్యలో 30 అంగుళాల స్టవ్ పెడితే రెండు పక్కలా 21 అంగుళాల చొప్పున మిగులుతుంది. తరగడానికి, కలపడానికి ఒకే ముక్కగా 36 అంగుళాల గట్టు కావాలన్న సూచనకు అది ఎక్కడా సరిపోదు. ఖాళీ గట్టు కోసం ఐలాండ్ కట్టించి, ఆ గట్టునే రెండు ముక్కలు చేసుకోవడం నాకు నచ్చదు. ఇక అవతలి వైపు ఎవరైనా కూర్చుంటే నూనె చిట్లి వాళ్ల మీదే పడుతుంది.

సింక్ సంగతి వేరు. వంటగదిలో కడగడానికి, తరగడానికే చాలాసేపు పడుతుంది, ఆ రెండూ పక్కపక్కనే ఉండటం ఎంతో మేలు. మనుషులకు ఎదురుగా నిలబడాలన్న కోరిక కూడా స్టవ్‌తో కన్నా సింక్‌తోనే బాగా తీరుతుంది. చిక్కంతా డ్రైనేజీ దగ్గర వస్తుంది. వాడిన నీళ్ల పైపుకు అడుగుకు పావు అంగుళం చొప్పున వాటం ఉండాలి. ఐలాండ్ నుంచి గోడ దాకా 8 అడుగులుంటే పైపు 2 అంగుళాలు దిగాలి, పైపు లావు దానికి అదనం. అపార్ట్‌మెంట్ శ్లాబ్‌లో అంత లోతు తవ్వనివ్వరు, తవ్వకూడదు కూడా. అప్పుడు ఆ భాగంలో నేల ఎత్తు చేయాలి, అక్కడ కాలు తట్టుకుంటుంది. డ్రైనేజీ పైపుకు గాలి గొట్టం కూడా కావాలి, దాన్ని పైకి తీసుకెళ్లడానికి ఐలాండ్ పక్కన గోడ ఉండదు. దీనికి ఏం చేస్తారో ప్లంబర్‌ను ముందే అడగండి. సరిగా చెప్పలేకపోతే సింక్‌ను గోడ దగ్గరే ఉంచేయండి. సింక్‌కు ఒక పక్క 24, ఇంకో పక్క 18 అంగుళాలు వదలాలి. 30 అంగుళాల తొట్టి అయితే ఐలాండ్ 6 అడుగులకు తగ్గకూడదు. ఒక పక్కన 36 అంగుళాల గట్టు కావాలంటే 7 అడుగులు కావాలి.

నా ఓటు ఏమీ పెట్టని ఐలాండ్‌కే. సింక్, స్టవ్ రెండూ గోడ గట్టు మీద ఉంటాయి, వెనక్కి తిరిగితే అడ్డం లేని గట్టు ఉంటుంది. కడిగినవి అక్కడ పెట్టి తరుగుతారు, తరిగినవి మళ్లీ వెనక్కి తిరిగి స్టవ్ మీద వేస్తారు. పిండి ఒత్తుకోవాలన్నా, నలుగురికి పళ్లాలు పరిచి వడ్డించాలన్నా అంత వీలు ఇంకెక్కడా దొరకదు. 4 నుంచి 6 అడుగుల పొడవున్న ఐలాండ్‌కు ఇదే సరైనది. వెడల్పు మాత్రం 4 అడుగులు దాటనివ్వకండి, మధ్యలో తుడవడానికి చెయ్యి అందదు.

కూర్చునే చోటు, ఎత్తు

కుర్చీలు వేయడానికి ఇష్టపడనివాళ్లు తక్కువ. ఒక్కో మనిషికి 24 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తు గట్టుకైతే మోకాళ్ల కోసం 15 అంగుళాల లోతు వదలాలి. కూర్చున్నవాళ్ల వెనక నుంచి ఇంకొకరు మామూలుగా నడిచి వెళ్లాలంటే గట్టు అంచు నుంచి 44 అంగుళాలు కావాలి. అంటే 3 అడుగులు అనుకున్న దారి దాదాపు 4 అడుగులవుతుంది, ఇందాకటి కూడికంతా మారిపోతుంది. నాలుగడుగుల దూరంలో భోజనాల బల్ల ఉన్న ఇంట్లో ఈ కుర్చీల కోసం ఆ చోటు ఇవ్వడం అనవసరం. ఆ వైపు కూడా డ్రాయర్లు పెట్టించుకోండి. కుర్చీలు తప్పదనుకుంటే ముందుకు వచ్చిన రాయి కింద ఇనుప బ్రాకెట్లు వేయించండి, బరువంతా అంచు మీదే పడుతుంది.

గట్టు ఎత్తు సాధారణంగా 36 అంగుళాలు. నిలబడి పని చేసేటప్పుడు గట్టు మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందుంటే భుజాలు నొప్పి పెట్టవు. గోడ గట్టు మామూలు ఎత్తులో ఉంచి, ఐలాండ్‌ను మాత్రం ఎక్కువగా పని చేసేవాళ్ల ఎత్తుకు తగ్గట్టు కట్టించుకోవచ్చు. ఒక సగం ఎత్తుగా, ఇంకో సగం కిందుగా ఉండే రెండు అంతస్తుల గట్టు మాత్రం వద్దు, ఉన్న వెడల్పు సగమైపోతుంది.

ఏది అనుకున్నా ఖాయం చేసే ముందు నేల మీద టేపు అంటించి, ఆ కొలతకు అట్టపెట్టెలు పేర్చండి. ఫ్రిజ్, ఓవెన్ తలుపులు తెరిస్తే ఎంత ముందుకొస్తాయో కూడా నేల మీద గీయండి. రెండు మూడు రోజులు ఇంట్లో అందరూ వాటి చుట్టూ తిరగనివ్వండి. ఇప్పటికి కదిలే బల్ల చాలనుకున్నా, నేల పరిచే ముందు గది మధ్య దాకా ఒక ఖాళీ వైరు పైపు వేయించి మూత పెట్టించండి. తర్వాత ఐలాండ్ కట్టినా, బల్ల దగ్గరే మిక్సీ తిప్పుకోవాలన్నా, టైల్స్ పగలగొట్టకుండా ప్లగ్ పాయింట్ వస్తుంది.