పాదం తిప్పి నడవాలా, చేతికర్ర పట్టాలా?

అమ్మ ఎక్స్‌రే చూసిన డాక్టరు గారు "కుడి మోకాలు లోపలివైపు అరగడం మొదలైందమ్మా" అన్న రోజు నుంచి మా ఇంట్లో అందరూ డాక్టర్లే. పిన్ని మెత్తటి చెప్పులు కొనమంది. బాబాయి చేతికర్ర తెస్తానన్నాడు. మా అబ్బాయి ఫోన్‌లో ఏదో వీడియో చూపించి, "నానమ్మా, పాదం లోపలికి తిప్పి నడిస్తే చాలట" అన్నాడు. అమ్మ ముగ్గురి మాటా విని, ఎవరి మాటా పట్టించుకోకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏది మేలో తేల్చే పని నా మీద పడింది.

అడుగు తీసి అడుగు వేసేటప్పుడు కాసేపు ఒంటికాలి మీదే ఉంటాం. అప్పుడు ఒంటి బరువు మోకాలి లోపలి పక్కకే ఎక్కువ పడుతుంది. చాలామందికి ముందు అరిగేదీ ఆ పక్కే. దొడ్డికాళ్ళు ఉంటే బరువు ఇంకా పెరుగుతుంది. ఈ మూడు సలహాలూ ఆ బరువును తగ్గించాలనే చూస్తాయి.

మావాడి వీడియో ఉత్త గాలి కబురు కాదు. యూటా, స్టాన్‌ఫర్డ్, న్యూయార్క్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 68 మందితో ఏడాదిపాటు చేసిన అధ్యయనం 2025లో లాన్సెట్ రుమటాలజీ పత్రికలో వచ్చింది. ముందు ఒక్కొక్కరినీ ల్యాబ్‌లో నడిపించి, పాదం లోపలికి తిప్పితే బరువు తగ్గుతుందా, బయటికి తిప్పితేనా, 5 డిగ్రీలు చాలా, 10 కావాలా అని కొలిచారు. కొందరికి వాళ్ళకు సరిపడే కోణం ఇచ్చారు. మిగతావాళ్ళకు, సంగతి చెప్పకుండా, వాళ్ళ మామూలు నడకనే "మీ కోణం" అని నేర్పారు. ఆరు వారాలపాటు వారానికోసారి శిక్షణ. పాదం కోణం తప్పితే కాలికి కట్టిన పరికరం వణికి చెబుతుంది. ఆ తర్వాత రోజూ కనీసం 20 నిమిషాలు అలాగే నడవాలి. ఏడాది తర్వాత చూస్తే, కోణం మార్చినవాళ్ళకు నొప్పి ఎక్కువ తగ్గింది. ఎంఆర్‌ఐలో వాళ్ళ మోకాలి గుజ్జు పాడవడం కూడా నెమ్మదించినట్టు కనబడింది. మాత్ర లేదు, ఆపరేషన్ లేదు. నాకైతే ఆశ్చర్యం వేసింది.

కిటుకంతా ఆ కొలతలో ఉంది. ఒకరికి లోపలికి తిప్పితే మేలు, ఇంకొకరికి బయటికి. ఎటు తిప్పినా బరువు తగ్గనివాళ్ళను అసలు అధ్యయనంలోకే తీసుకోలేదు. తప్పు వైపు తిప్పితే బరువు పెరగనూవచ్చు. అందుకే వీడియో చూసి వరండాలో పాదాలు తిప్పడం మొదలుపెట్టిన అమ్మను నేనే ఆపాను. నడకను కొలిచే ల్యాబ్ అందుబాటులో ఉండి, అరుగుదల ఇంకా ముదరని నలభై, యాభై ఏళ్ళవాళ్ళయితే దీన్నే ఎంచుకోమంటాను. మరి ఆ ల్యాబ్ మన ఊళ్ళో ఎక్కడుంది?

చేతికర్ర దగ్గరికి వస్తే, మనలో చాలామంది దాన్ని నొప్పి ఉన్న వైపే పడతారు. అది తప్పు. కుడి మోకాలు నొప్పయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, కుడి కాలుతో పాటే నేల మీద ఆనాలి. అప్పుడే మోకాలి బరువులో కొంత చేతికి పోతుంది. నిటారుగా నిలబడి చెయ్యి వేలాడేస్తే మణికట్టు దగ్గరికి కర్ర పిడి రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు. బ్రెజిల్‌లో 64 మంది మీద చేసి 2012లో ప్రచురించిన పరీక్షలో, రెండు నెలలు రోజూ కర్ర వాడినవాళ్ళకు నొప్పి తగ్గింది. మొదటి నెల మాత్రం కర్రతో నడిస్తే ఒంటికి శ్రమ పెరిగింది, అలవాటయ్యాక అది పోయింది. "రెండు రోజులు వాడాను, ఇంకా ఆయాసం" అని మూలన పడేసేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. మోకాలి అరుగుదలవల్ల నడక ఇబ్బందిగా ఉన్నవాళ్ళకు కర్ర ఇవ్వమని అమెరికాలోని కీళ్ళ డాక్టర్ల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ) 2019 మార్గదర్శకాలు గట్టిగానే చెబుతున్నాయి.

ఇక చెప్పులు. బయటి అంచు ఎత్తుగా ఉండే అట్టలు బూట్లలో పెట్టుకుంటే బరువు తగ్గుతుందని ఒకప్పుడు బాగా నమ్మారు. మామూలు చదును అట్టలతో పోల్చి చూస్తే నొప్పిలో తేడా లేదని 2013లో తేలింది. పిన్ని చెప్పిన మెత్తటి చెప్పులకు నా దగ్గర సమర్థన లేదు. మెల్‌బోర్న్‌లో చేసిన పరీక్షలోనూ మెత్తగా వంగే పల్చటి బూట్లకన్నా, గట్టిగా ఆసరా ఇచ్చే బూట్లే నడకలో నొప్పిని ఎక్కువ తగ్గించాయి.

ఏది ఎంచుకున్నా తొడ కండరాల వ్యాయామం తప్పదు. ఒళ్ళు తగ్గడం కూడా చిన్న విషయం కాదు. ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో లెక్కగట్టారు. ఇది చదివి వినిపిస్తే అమ్మ నా పొట్ట వైపు చూసింది.

మా అమ్మకు 68. పడిపోతానేమో అన్న భయం ఉంది. అలాంటి మనిషికి పాదం తిప్పి నడవడం కొత్త టెన్షన్. కర్రే సరి అన్నాను. "కర్ర పడితే వీధంతా ముసలిదాన్ని చేసేస్తుంది" అని నాలుగు రోజులు ఒప్పుకోలేదు. చివరికి ఒక షరతు పెట్టింది. రైతుబజారుకు కర్రతో వస్తుందట, కూరల సంచి మాత్రం నేను మొయ్యాలట. రెండు వారాలుగా మోస్తున్నాను.