వ్యాపార తగాదా: ఆర్బిట్రేషన్ మేలా, కోర్టు మేలా?

ఆర్బిట్రేషన్ అంటే తగాదాను కోర్టుకు బదులు, ఇరుపక్షాలూ ఒప్పందంలో ఒప్పుకున్న ప్రకారం నియమించుకునే ప్రైవేటు మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) చేత తేల్చించుకోవడం. ‘ఆర్బిట్రేషన్‌లో త్వరగా తేలుతుంది, కోర్టుకెక్కితే ఏళ్లు పడుతుంది’ అన్న ఒక్క మాట మీదే చాలామంది దారి ఎంచుకుంటారు. వేగం సంగతి తర్వాత. రాబోయే నిర్ణయానికి ఎవరెవరు కట్టుబడాలన్నది ముందు తేల్చుకోవాలి. ఒప్పందం మీద సంతకం చేసినవారు కట్టుబడితే సరిపోతుందా, చేయనివారిని కూడా కట్టడి చేయాలా?

సరుకు నాసిరకమంటూ కొన్నవారు డబ్బు ఆపేశారు, లేదా కాంట్రాక్టరు గడువులోగా పని ముగించలేదు. ఇలాంటి తగాదాలో ఉన్నది ఇద్దరే, ఇద్దరూ సంతకం చేసినవారే. ఇక్కడ నా ఓటు ఆర్బిట్రేషన్‌కే. నిర్మాణం గొడవైతే ఆ పని తెలిసిన ఇంజనీరునే ఆర్బిట్రేటర్‌గా పెట్టుకోవచ్చు. అవతలివారి ఆస్తులు పరాయి దేశంలో ఉంటే లాభం ఇంకా ఎక్కువ. 1958 నాటి న్యూయార్క్ ఒడంబడికలో 170కి పైగా దేశాలు ఉన్నాయి. వాటిలో ఒక దేశంలో వచ్చిన అవార్డును, అంటే ఆర్బిట్రేటర్ తీర్పును, మరో దేశపు కోర్టు, ఒడంబడికలో రాసిన కొద్దిపాటి కారణాలు ఉంటే తప్ప, కాదనడానికి వీల్లేదు. కోర్టు తీర్పుల కోసం కూడా హేగ్‌లో 2005లో, 2019లో ఒడంబడికలు కుదిరాయి గానీ, వాటిలో చేరిన దేశాలు చాలా తక్కువ.

వేగం నిజంగా దక్కేది ఆర్బిట్రేషన్ క్లాజును, అంటే తగాదా వస్తే ఆర్బిట్రేషన్‌కు వెళ్లాలని ఒప్పందంలో రాసుకునే షరతును, జాగ్రత్తగా రాసుకున్నవారికే. ఆర్బిట్రేషన్లు నిర్వహించే సంస్థల్లో ఒకటైన అంతర్జాతీయ వాణిజ్య మండలి (ఐసీసీ) నిబంధనల్లో, 2021 నుంచి కుదిరిన ఒప్పందాలకు, వివాదం విలువ 30 లక్షల డాలర్లు మించకపోతే త్వరిత విచారణ పద్ధతి ఉంది. కేసు ఎలా నడపాలో తేల్చుకునే మొదటి సమావేశం జరిగిన ఆరు నెలల్లో అవార్డు రావాలన్నది దాని లక్ష్యం. చిన్న మొత్తానికి ముగ్గురు ఆర్బిట్రేటర్లు కావాలని రాసుకుంటే మాత్రం ముగ్గురికీ కుదిరే తేదీ దొరకడమే ఒక యజ్ఞం. పైగా న్యాయమూర్తి జీతం ప్రభుత్వం ఇస్తుంది, ఆర్బిట్రేటర్ల ఫీజు మాత్రం తగాదా పడినవారే కట్టుకోవాలి.

యాజమాన్యం గొడవల్లో లెక్క తిరగబడుతుంది. కంపెనీని మూసేయాలన్న ఉత్తర్వు అప్పులిచ్చినవారికీ, ఉద్యోగులకూ, రిజిస్టరు నిర్వహించే అధికారికీ వర్తించాలి. ఇద్దరు భాగస్వాములు రాసుకున్న కాగితం మూడో మనిషిని కట్టడి చేసే అధికారాన్ని ఎవరికీ ఇవ్వలేదు. ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 2011లో ఫుల్‌హామ్ ఫుట్‌బాల్ క్లబ్ కేసులో గీత ఎక్కడుందో చెప్పింది. తనకు అన్యాయం జరిగిందన్న వాటాదారు ఫిర్యాదును ఆర్బిట్రేటర్ వినవచ్చు, కానీ కంపెనీని మూసేసే ఉత్తర్వు కోర్టే ఇవ్వాలి. అదే ఏడాది భారత సుప్రీంకోర్టు బూజ్ అలెన్ కేసులో, లోకమంతటి మీదా చెల్లే హక్కుల వివాదాలు సాధారణంగా కోర్టులవేననీ, ఇద్దరి మధ్యే చెల్లే హక్కులు ఆర్బిట్రేషన్‌కు వెళ్లవచ్చనీ చెప్పింది.

మూసివేత దాకా పోకపోయినా చిక్కే. భాగస్వామి తన వాటాలను బావమరిది పేరుకు మార్చేశాడనుకుందాం. బావమరిది ఏ ఒప్పందం మీదా సంతకం చేయలేదు కాబట్టి ఆర్బిట్రేటర్ ముందుకు అతన్ని లాక్కురావడం కష్టం. కోర్టులోనైతే ప్రతివాదిగా చేర్చవచ్చు. యజమానులు ముగ్గురై, క్లాజులో ‘ఒక్కొక్క పక్షం ఒక ఆర్బిట్రేటర్‌ను నియమించాలి’ అని ఉంటే మరో తలనొప్పి. ఇద్దరు ప్రతివాదులు తప్పనిసరై కలిసి ఒకరినే నియమించవలసి వచ్చిన డుట్కో కేసులో, పక్షాలకు సమానత్వం దక్కలేదంటూ ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం 1992లో తప్పుపట్టింది.

అత్యవసరంలోనూ నేను కోర్టు వైపే. బ్యాంకు ఖాతా నుంచి రేపు ఉదయానికి డబ్బు మాయమయ్యేలా ఉంటే, అవతలివారికి చెప్పకుండానే తాత్కాలిక నిషేధ ఉత్తర్వు ఇచ్చే అధికారం చాలా దేశాల్లో న్యాయమూర్తికి ఉంది. అత్యవసర ఆర్బిట్రేటర్లూ ఉన్నారు గానీ, సాధారణంగా వాళ్లు అవతలి పక్షానికి నోటీసు వెళ్లాకే వింటారు. దోచేవాడికి ఆ నోటీసే హెచ్చరిక! ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా ఇలాంటి తాత్కాలిక రక్షణ కోర్టును అడగవచ్చని ఐక్యరాజ్యసమితి తయారుచేసిన 1985 నమూనా చట్టం (దేశాలు తమ ఆర్బిట్రేషన్ చట్టాలకు ఆధారంగా తీసుకునే ముసాయిదా) తొమ్మిదో అధికరణం చెబుతోంది.

అప్పీలు విషయంలో నాకు మొహమాటం లేదు. ఆ నమూనా చట్టం ప్రకారం అవార్డును మూడు నెలల్లోగా సవాలు చేయవచ్చు. అయితే ఆర్బిట్రేటర్ ఒప్పందాన్ని తప్పుగా చదివాడన్నది అందుకు కారణంగా చెల్లదు. డబ్బు తగాదాలో దాన్ని భరించవచ్చు. ఇవాళ పోయిన సొమ్ము రేపటి వ్యాపారంలో వస్తుంది. సొంత చేతులతో పెంచిన కంపెనీలో మీ వాటా ఎంతన్నది ఒకే ఒక్కరి మాట మీద, సరిదిద్దే వీలు లేకుండా తేలిపోవడానికి నేనైతే ఒప్పుకోను.

ఇక గోప్యత. ఆర్బిట్రేషన్ అంటే అంతా రహస్యమే అనుకోకండి. ఆర్బిట్రేషన్‌లో గోప్యత దానంతటదే అంతర్భాగం కాదని ఆస్ట్రేలియా హైకోర్టు 1995లోనే చెప్పింది. కావాలంటే క్లాజులో రాసుకోవాలి. అప్పుడు కూడా అవార్డు అమలు కోసం కోర్టుకు వెళితే కొంత బయటపడుతుంది.

కాబట్టి ఒప్పందం రాసేటప్పుడే చెల్లింపులు, నాణ్యత, గడువు వంటివి ఆర్బిట్రేషన్‌కు ఇచ్చి, వాటాల బదిలీ, భాగస్వామి తొలగింపు, మూసివేత వంటివి కోర్టుకు వదలండి. రెండింటి మధ్య గీత స్పష్టంగా లేకపోతే ‘ఈ వివాదం ఏ పెట్టెలోకి వస్తుంది’ అన్నదే మరో వివాదమవుతుంది.

అన్నిటికీ ఆర్బిట్రేషనే అని ఇప్పటికే సంతకం చేసి ఉన్నా దారి పూర్తిగా మూసుకుపోదు. మీరు కోర్టులో దావా వేస్తే, నమూనా చట్టం ఎనిమిదో అధికరణం ప్రకారం అవతలివారు అసలు వివాదంపై తమ మొదటి జవాబు దాఖలు చేసేలోపే క్లాజును చూపించి అభ్యంతరం చెప్పాలి. చెప్పకపోతే కేసు కోర్టులోనే నడుస్తుంది. మీ మీదే దావా పడితే ఇదే గడువు మీకూ వర్తిస్తుంది. జవాబు దాఖలు చేయకముందే వకీలుకు ఆ క్లాజు చూపించండి.