పచ్చ టిక్కు పడింది, బిట్‌కాయిన్ మాత్రం కదల్లేదు

బిట్‌కాయిన్ పంపడానికీ అందుకోవడానికీ మూడేళ్లుగా ఈ ఫోన్ వాలెట్ యాప్‌నే వాడుతున్నాను. సీడ్ పదాలు, అంటే ఫోన్ పోయినా వాలెట్‌ను తిరిగి తెరిపించే పదాల వరస, కాగితం మీద రాసిపెట్టుకుంటే చాలు, ఇంకే తలనొప్పీ లేదని నల్లగొండలో నలుగురితో పెట్టించాను కూడా. ఇప్పుడు వాళ్లకు ఇంకో మాట చెప్పాల్సి వస్తోంది.

పోయిన ఎండాకాలం సంగతి. మా బావది జడ్చర్ల. ఆయన వాటా బిట్‌కాయిన్ నా దగ్గరే ఉండేది, ఆయన సొంత వాలెట్ పెట్టుకున్నాక పంపాను. తెర మీద పచ్చ టిక్కు పడింది. గంటకు ఫోన్: "ఏం రాలే బామ్మర్దీ." కాస్త టైం పడుతుంది బావా అన్నాను. రాత్రి పదకొండుకు లావాదేవీ ఐడీ పట్టుకుని ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే బిట్‌కాయిన్ లావాదేవీలను ఎవరైనా చూసుకోగల సైట్‌లో వెతికితే, లేదు. ఫీజు సరిపడానే పెట్టాను, కనీసం పెండింగ్‌లోనైనా కనపడాలి కదా! ఇంకో ఎక్స్‌ప్లోరర్‌లోనూ లేదు.

ఈ యాప్ మన లావాదేవీని కంపెనీ సర్వర్ చేతిలో పెడుతుంది, నెట్‌వర్క్‌కు చేర్చేది ఆ సర్వరే. అది తీసుకుంది, ముందుకు పంపలేదు. యాప్ లెక్కలో మాత్రం పని అయిపోయింది.

టెన్షన్‌లో మళ్లీ 'పంపు' నొక్కబోయి ఆగాను. మొదటిసారి వాడిన కాయిన్లను యాప్ ఖర్చయినట్టే చూస్తుంది, రెండోసారి వేరేవి తీస్తుంది. ఆ తర్వాత సర్వర్ మొదటిదాన్ని నెట్‌వర్క్‌కు పంపిందంటే బావకు రెండుసార్లు వెళ్లిపోతుంది. అందుకే వివరాల్లోకి వెళ్లి, నా రహస్య కీతో సంతకం అయిపోయిన ముడి లావాదేవీని, అంటే 02000000తో మొదలయ్యే ఆ పొడవాటి వరసను కాపీ చేసి, వేరే సైట్ బ్రాడ్‌కాస్ట్ పేజీలో, అంటే లావాదేవీని నేరుగా నెట్‌వర్క్‌కు పంపే పేజీలో పేస్ట్ చేశాను. అదే ఐడీ కాబట్టి ఎన్నిసార్లు పంపినా ఒక్కసారే కదులుతుంది. క్షణాల్లో కనపడింది. పడుకునేలోపే బావ మెసేజ్: "వచ్చినయ్."

రెండు రోజులకు కంపెనీ జవాబు: సర్వర్ మెయింటెనెన్స్. మరి ఆ టిక్కు ఎందుకు వేశారు? దానికి జవాబు లేదు.

సంతకం ఉన్నందున, చేరాల్సిన అడ్రస్‌ను గానీ మొత్తాన్ని గానీ మార్చడం సర్వర్‌కు కుదరదు, అది నిజం. కానీ ఆపగలదు. ఏ ఐపీ (నెట్‌లో మన కనెక్షన్ చిరునామా) నుంచి ఏ లావాదేవీ వచ్చిందో చూడగలదు. తలనొప్పి లేదన్న నా మాటలో ఇదంతా లేదు.

ఇప్పుడు పాత ల్యాప్‌టాప్‌లో బిట్‌కాయిన్ కోర్ అనే, కంపెనీ సర్వర్ లేకుండా నేరుగా నెట్‌వర్క్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, పెద్ద మొత్తాలను అక్కడి నుంచే వదులుతున్నాను. మొదటి నుంచీ జరిగిన లావాదేవీల చిట్టా అంతా, వందల జీబీ, దిగడానికి వారం దాటింది. ఇంట్లో అన్‌లిమిటెడ్ నెట్ ఉంది కాబట్టి నాకు కుదిరింది. నెలకోసారి చిన్న మొత్తం పంపేవాళ్లను ఇంత కష్టపడమనలేను. బావ ఫోన్‌లో ఇప్పటికీ ఇదే యాప్ ఉంది, ముడి లావాదేవీ ఎక్కడ కాపీ చేయాలో మాత్రం పక్కన కూర్చుని రెండుసార్లు చేయించాను.